రక్తం చదివిన డాక్టరు ఘాట్ ఎక్కేదెప్పుడు?

పాడేరు: మన్యంలో చలి ముదిరితే కాఫీ తోటల మీద మంచు చూడముచ్చటగా వుంటుంది. ఆ మంచు చూడటానికి మైదానం నుంచి జనం కార్లు కట్టుకుని లంబసింగి వస్తారు. అదే చలికి గూడేల్లో కొన్ని ఇళ్లలో పిల్లలు రాత్రంతా కాళ్లు, చేతులు, నడుము నొప్పులని ఏడుస్తూ వుంటారు. తల్లి నూనె కాచి మర్దనా చేస్తుంది. తండ్రి కుంపటి దగ్గరకు జరిపి పడుకోబెడతాడు. తెల్లారేసరికి పిల్లవాడి కళ్లు పసుపుపచ్చగా కనిపిస్తే పచ్చకామెర్లన్నారని పసరు మందుకు తీసుకుపోతారు. అప్పటికీ నొప్పి తగ్గకపోతే గాలి సోకిందంటారు. మూడోనాడో నాలుగోనాడో డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తారు. డ్యూటీలో వున్న డాక్టరు నొప్పికి సూది వేసి, రక్తం తక్కువగా వుందని నాలుగు ఐరన్ మాత్రలు రాసి పంపిస్తే, మళ్లీ చలి ముదిరే దాకా ఆ ఇంట్లో ఆ మాట ఎత్తేవారుండరు.

ఇలా వచ్చే పిల్లల్లో కొందరికి వున్నది సికిల్ సెల్ జబ్బు. సికిల్ అంటే కొడవలి. మామూలుగా గుండ్రంగా, మెత్తగా వుండి సన్నని నాళాల్లో కూడా జారిపోయే ఎర్ర రక్తకణం ఈ జబ్బులో కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. చలి తగిలినా, ఒంట్లో నీరు తగ్గినా, జ్వరం వచ్చినా ఈ కణాలు నాళాల్లో చిక్కుపడి రక్తాన్ని ఆపేస్తాయి. ఆ నొప్పే పిల్లవాడి ఏడుపు. మామూలు కణం దాదాపు 120 రోజులు బతికితే ఈ కొడవలి కణం 10 నుంచి 20 రోజులకే చితికిపోతుంది. అలా చితికిన కణాల రంగే కళ్లలో పసుపుగా కనిపిస్తుంది.

ఇది పుట్టుకతో వచ్చే జబ్బు, అంటేది కాదు, శాపమూ కాదు. ఒకప్పుడు మలేరియా విజృంభించిన అడవి ప్రాంతాల్లోనే ఇది ఎక్కువగా వుండటానికి కారణం వుంది. ఈ లక్షణం సగం మాత్రమే వున్న మనిషిని మలేరియా తేలిగ్గా చంపలేదు. అందుకే తరతరాలుగా ఆ లక్షణం నిలిచిపోయింది. మన దేశంలో దీనిని మొదట 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. 40 ఏళ్ల లోపు వారిలో 7 కోట్ల మందికి మూడేళ్లలో రక్త పరీక్షలు చేయాలని, 2047 నాటికి దీనిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టింది. మంచిదే. అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. పరీక్ష చేసి, ‘నీకు జబ్బు వుంది’ అని కార్డు చేతిలో పెట్టిన తర్వాత ఆ కార్డు పట్టుకుని గిరిజనుడు ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలి?

రక్తానికీ ఒక డాక్టరు

కంటికి ఒక డాక్టరు, పంటికి ఒక డాక్టరు, గుండెకు ఒక డాక్టరు వుంటారని పల్లెవాసులందరికీ తెలుసు. రక్తానికి కూడా విడిగా డాక్టరు వుంటాడన్న సంగతి చదువుకున్నవారిలోనే చాలామందికి తెలియదు. ఆయనను హెమటాలజిస్టు అంటారు. సికిల్ సెల్, జీవితాంతం రక్తం ఎక్కించుకోవలసిన తలసేమియా, చిన్న దెబ్బకే నెత్తురు ఆగని హిమోఫిలియా, రక్త క్యాన్సర్లు, మూలుగ ఎండిపోయి రక్తం తయారు కాని జబ్బు - ఇవన్నీ ఆయన చూసేవి.

జిల్లా ఆస్పత్రికి వెళితే పురుళ్ల డాక్టరు వుంటారు, పిల్లల డాక్టరు వుంటారు, ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు వుంటారు. రక్త వైద్యానికి విడిగా పోస్టు జిల్లా స్థాయిలో సాధారణంగా కనిపించదు. ఆ నిపుణులు మహానగరాల్లోని పెద్దాస్పత్రులలో, కార్పొరేట్ ఆస్పత్రులలో వుంటారు. పాడేరు నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్ల పైచిలుకు. ఘాట్ దిగి, మాడుగుల, చోడవరం దాటి వెళ్లాలి. తలసేమియా వున్న బిడ్డకు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. రక్తం దొరక్కో, నిపుణుడు లేకో ప్రతిసారీ పట్నం దాకా వెళ్లవలసి వస్తే ఆ తల్లిదండ్రులకు ఎన్ని రోజుల కూలి పోతుందో లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కరలేదు.

పదకొండున్నర ఏళ్ల చదువు

రక్త నిపుణులు ఇంత తక్కువగా వుండటానికి కారణం ఆ చదువు పొడవు. అది తెలుసుకుంటే గాని ప్రభుత్వాన్ని ఏమి అడగాలో తెలియదు.

డాక్టరు కావాలన్న పిల్లవాడు ఇంటర్ తర్వాత నీట్ రాసి ఎం.బి.బి.ఎస్.లో చేరతాడు. నాలుగున్నర ఏళ్లు చదువు, ఒక ఏడాది హౌస్ సర్జన్సీ. మొత్తం ఐదున్నర ఏళ్లు. ఆ తర్వాత మళ్లీ ప్రవేశ పరీక్ష రాసి జనరల్ మెడిసిన్ లేదా పిల్లల వైద్యం వంటి శాఖలో మూడేళ్ల ఎం.డి. చేయాలి. అంతటితో అయిపోలేదు. నీట్ సూపర్ స్పెషాలిటీ అనే మూడో పరీక్ష రాసి సీటు వస్తే క్లినికల్ హెమటాలజీలో మూడేళ్ల డి.ఎం. చేయాలి. జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డి.ఆర్.ఎన్.బి. పట్టా కూడా డి.ఎం.తో సమానమే. ఒక్క పరీక్ష తప్పకుండా, ఒక్క ఏడాది వృథా కాకుండా చదివినా పదకొండున్నర ఏళ్లు. పద్దెనిమిదో ఏట చేరిన కుర్రవాడు ముప్పయ్యో ఏట గాని బయటకు రాడు.

ఆ చివరి మూడేళ్లలో అతడు నేర్చేదేమిటి? ఒక చుక్క రక్తాన్ని గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూసి కణాల ఆకారాన్ని బట్టి జబ్బును పోల్చుకోవడం. తుంటి ఎముకలోకి సూది దింపి మూలుగ తీసి పరీక్షించడం. హిమోగ్లోబిన్‌ను విడదీసి చూపే యంత్రం గీసిన గీతను చదవడం. రక్తనిధి నడిచే తీరు, ఏ రక్తం ఎవరికి పడదో తెలుసుకోవడం. క్యాన్సర్ మందులను తెల్లకణాల లెక్క చూసుకుంటూ ఇవ్వడం. మూలుగ మార్పిడి చేసిన రోగిని కనిపెట్టుకుని వుండటం. ఒక్క మాటలో చెప్పాలంటే ల్యాబులో చూసిన దానిని మంచం మీది రోగితో కలిపి చదవడం.

కుదిస్తే ఏమవుతుంది?

‘ఇన్నేళ్ల చదువు దేనికి? ఆరు నెలల కోర్సు పెట్టి కొండకు ఇద్దరిని పంపితే సరిపోదా?’ అని కొందరు పెద్దలు సభల్లో అంటూ వుంటారు. ఆ మాట పైకి గిరిజనుడి మీద జాలిలా వినిపిస్తుంది. లోతుకు వెళితే అందులో పెద్ద ప్రమాదం వుంది.

రక్తం తక్కువగా వుండటమన్నది పొగ లాంటిది. నిప్పు ఎక్కడ వుందో అది చెప్పదు. తిండిలో ఇనుము చాలక రక్తం తగ్గవచ్చు. కడుపులో కొంకి పురుగులు పీల్చి తగ్గవచ్చు. ఫోలిక్ యాసిడ్, బి-12 చాలక తగ్గవచ్చు. సికిల్ సెల్ కావచ్చు, తలసేమియా కావచ్చు, రక్త క్యాన్సర్ కావచ్చు. పాలిపోయిన ప్రతి మొహానికీ ఒకే ఐరన్ మాత్ర మందు కాదు. తలసేమియా బిడ్డనే చూడండి. ఎక్కించే ప్రతి రక్తపు సంచితోపాటు 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లోకి చేరుతుంది. బయటకు పోయే దారి లేక అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దానిని తీసేసే మందు ఇవ్వాల్సిన చోట ‘రక్తం తక్కువ’ అని ఐరన్ టానిక్కు రాస్తే కాలుతున్న ఇంటి మీద కిరసనాయిలు పోసినట్లే.

సికిల్ సెల్‌కు హైడ్రాక్సీయూరియా అనే మందు వుంది. క్రమం తప్పకుండా వాడితే నొప్పుల దాడులు తగ్గుతాయి, ఆస్పత్రి పాలయ్యే రోజులు తగ్గుతాయి. ఆ మందు వాడేవారికి తెల్లకణాలు పడిపోకుండా మధ్యమధ్య రక్తం లెక్క చూడాలి. ఎంత ఇవ్వాలో బరువును బట్టి నిర్ణయించాలి. గర్భవతులకు ఇవ్వకూడదు. అది తెలియని డాక్టరు రెండు పనుల్లో ఒకటి చేస్తాడు: భయపడి అసలే ఇవ్వడు, లేదా ఇచ్చి లెక్క చూడడు. రెండింటికీ నష్టపోయేది రోగే.

పరీక్ష సంగతీ అంతే. గూడెంలో చేసే చిన్న సికిల్ పరీక్ష కొన్ని రకాలలో లక్షణం సగం వున్న వాహకుడికీ, పూర్తి జబ్బు వున్న వాడికీ ఒకే జవాబు ఇస్తుంది. వాహకుడు మామూలు మనిషిలా బతుకుతాడు. జబ్బు మనిషికి జీవితాంతం మందు కావాలి. ఈ ఇద్దరినీ వేరు చేయడానికి రెండో పరీక్ష చేయాలి, దానిని చదవగలిగిన మనిషి కావాలి. ఆ తేడా చెప్పకపోతే పెళ్లి కావలసిన ఆడపిల్ల మీద లేని జబ్బు ముద్ర పడుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సికిల్ సెల్, తలసేమియా రోగులకు నెలకు రు.10,000 పింఛను ఇస్తోంది. ఆ పింఛను రావాలన్నా జబ్బు నిర్ధారణ అయిన కాగితమే ఆధారం. అందువల్ల నిపుణుడి చదువును తగ్గించమని ఎవరూ అడగరాదు. పట్నం వాడికి పదకొండున్నర ఏళ్లు చదివిన డాక్టరు, గిరిజనుడికి ఆరు నెలలు చదివిన డాక్టరు అనే న్యాయం ఎక్కడా లేదు.

లోటు చదివే చోటులో వుంది

చదువు పొడవు సరైనదే అయితే లోటు ఎక్కడ? ఆ మూడేళ్లూ ఎక్కడ చదువుతున్నారన్న దానిలో వుంది. రక్త జబ్బులు దండిగా వున్నది అడవి గూడేల్లో. రక్త వైద్యం నేర్పేది నగరాల నడిబొడ్డున. చదువుకునే డాక్టరు దగ్గరకు చేరే గిరిజన రోగి అప్పటికే ఊపిరితిత్తులు పట్టేసో, పక్షవాతం వచ్చో వుంటాడు. ఆ రోగి ఎన్ని గంటలు డోలీలో ప్రయాణించాడో, ఇంటి దగ్గర తాగే నీరు ఎంత దూరం నుంచి తెచ్చుకుంటాడో, హైడ్రాక్సీయూరియా సీసా అయిపోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో ఆ డాక్టరుకు పుస్తకం చెప్పదు. డాక్టరు రాసిన చీటీలో ‘నీళ్లు బాగా తాగాలి, చలి తగలకూడదు, జ్వరం వస్తే వెంటనే రావాలి’ అని వుంటుంది. జనవరిలో లంబసింగి గూడెంలో ఆ మూడు మాటలూ ఎంత కష్టమో ఒక్క నెల కాపురమున్న వాడికి తెలుస్తుంది.

దీనికి విరుగుడు వైద్య విద్య నిబంధనల్లోనే సగం వుంది. ఎం.డి., ఎం.ఎస్. చదివే విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆస్పత్రి వ్యవస్థలో పనిచేసి తీరాలని 2020లో నిబంధన తెచ్చారు. దానిని జిల్లా రెసిడెన్సీ అంటారు. ఆ మూడు నెలలు చేయనిదే పట్టా లేదు. అయితే ఈ నిబంధన ఎం.డి., ఎం.ఎస్.లతో ఆగిపోయింది. ఆపై చదువైన డి.ఎం. విద్యార్థికి అది వర్తించదు. జిల్లాకు ఎవరు అన్నిటికన్నా కొరతో, ఆ మనిషినే నిబంధన వదిలేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్లుంది.

క్లినికల్ హెమటాలజీ డి.ఎం. చదివే ప్రతి విద్యార్థీ మూడేళ్లలో కనీసం మూడు నెలలు సికిల్ సెల్, తలసేమియా ఎక్కువగా వున్న జిల్లాలో పనిచేయాలన్న నియమం రావాలి. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2024-25 విద్యా సంవత్సరంలో 50 ఎం.బి.బి.ఎస్. సీట్లతో మొదలైంది. మెడిసిన్, పిల్లల వైద్యం, పెథాలజీ విభాగాలు వైద్య కళాశాలలో తప్పనిసరి. డి.ఎం. విద్యార్థి వచ్చి కూర్చోవడానికి అంతకంటే తగిన చోటు వుండదు. ఒకరి తర్వాత ఒకరు, నలుగురు విద్యార్థులు వంతుల వారీగా వస్తే ఏడాది పొడుగునా కొండ మీద ఒక రక్త వైద్యుడు వున్నట్లే.

ఇది కొత్త వింత కాదు. బ్రిటన్‌లో రక్త నిపుణుడు కావాలంటే వైద్య పట్టా తర్వాత రెండేళ్ల పునాది శిక్షణ, రెండేళ్లకు తగ్గకుండా సాధారణ వైద్య శిక్షణ, ఆపైన ఐదేళ్ల రక్త వైద్య శిక్షణ పొందాలి. రెండు భాగాల కఠిన పరీక్ష కూడా దాటాలి. అక్కడా చదువు తక్కువేమీ కాదు. అయితే ఆ ఐదేళ్లలో శిక్షణ పొందే డాక్టర్లను ఆ ప్రాంతంలోని పెద్ద బోధనాస్పత్రికీ, జిల్లా సాధారణ ఆస్పత్రులకూ తిప్పుతారు. జిల్లాలో చేసిన కాలమూ చదువు కిందే లెక్క. పెద్ద చదువుకూ చిన్న ఊరికీ పొత్తు కుదరదన్న మాట అబద్ధమని దీనివల్లనే తేలుతోంది.

అభ్యంతరాలు లేకపోలేదు

వైద్య కళాశాలల పెద్దలకు దీని మీద అభ్యంతరాలు వుండవచ్చు. అవి తోసిపుచ్చదగ్గవి కావు. మొదటిది: గురువు లేని చోట శిష్యుడు ఏమి నేర్చుకుంటాడు? నిజమే. గురువు లేకుండా కొండ మీద పడేస్తే అది శిక్షణ కాదు, శిక్ష. వారానికి రెండుసార్లయినా విశాఖలోని ఆచార్యుడు టెలిమెడిసిన్ ద్వారా కేసులు చూడాలి. నెలకు ఒకసారి ఘాట్ ఎక్కి వార్డు తిరగాలి. శిష్యుడు గాజు పలక మీది కణాల బొమ్మను సెల్‌ఫోనులో పంపితే పట్నంలో గురువు క్షణంలో చూడగలడు.

రెండో అభ్యంతరం: పరికరాలు లేని చోట డి.ఎం. విద్యార్థి వుండి ప్రయోజనమేమిటి? ఇదీ నిజమే. హిమోగ్లోబిన్ రకాలను విడదీసే యంత్రం, కణాలను లెక్కించే యంత్రం, సరైన సూక్ష్మదర్శిని, రక్తాన్ని నిలువ చేసే సదుపాయం లేకుండా డాక్టరును పంపడం నాగలి లేని రైతును పొలానికి పంపడమే. యంత్రం వచ్చినా దానికి రసాయనాలు, కరెంటు, నడిపే టెక్నీషియను లేకపోతే అది మూల పడుతుంది. కనుక డాక్టరు, యంత్రం, టెక్నీషియను ముగ్గురూ ఒకేసారి రావాలి.

మూడోది, మూడు నెలలు వుండి వెళ్లిపోయేవాడు మళ్లీ తిరిగి చూస్తాడా అన్న అనుమానం. అందరూ చూడరు. పది మందిలో ఒక్కరు మనసు పడి తిరిగి వచ్చినా అది నేటికన్నా మేలే. తక్కిన తొమ్మండుగురూ పట్నంలో కూర్చున్నా కొండ మీది డాక్టరు ఫోను చేస్తే మాట తెలిసిన మనుషులై వుంటారు.

అయితే నిలిచి వుండే డాక్టరు కావాలంటే మరో దారి కూడా చూడాలి. కొండ మీద ఇప్పటికే పనిచేస్తున్న ప్రభుత్వ డాక్టర్లలో కోరిన వారిని డి.ఎం.కు పంపి, చదువు కాగానే తిరిగి ఇక్కడే వేయాలి. తమిళనాడు ప్రభుత్వం తన కళాశాలల్లోని సూపర్ స్పెషాలిటీ సీట్లలో 50 శాతం సర్వీసులో వున్న డాక్టర్లకు కేటాయిస్తూ 2020లో జి.వో. ఇచ్చింది. దాని అమలుకు సుప్రీంకోర్టు 2022 మార్చిలో అనుమతించింది. పొరుగు రాష్ట్రం కోర్టు దాకా వెళ్లి సాధించుకున్న దారి మన కళ్ల ముందే వుంది. మన పాలకులు దానిని పరిశీలించాలి. పంపిన డాక్టరు తిరిగి వచ్చాక వుండటానికి క్వార్టరు, పిల్లలు చదవడానికి బడి చూపించాలి. బాండు కాగితం ఒక్కటే మనిషిని కట్టి వుంచలేదని గత అనుభవాలు చెబుతూనే వున్నాయి.

పి.హెచ్.సి. డాక్టరుకూ చదువు కావాలి

నిపుణుడు జిల్లాకు ఒకడు వచ్చినా ప్రతి గూడేనికీ రాలేడు. అర్ధరాత్రి నొప్పితో వచ్చిన పిల్లవాడిని మొదట చూసేది పి.హెచ్.సి. డాక్టరు, నర్సమ్మ. వారికి పదకొండేళ్ల చదువు అక్కరలేదు. పది మాటలు గట్టిగా తెలిస్తే చాలు. నొప్పితో వచ్చిన సికిల్ సెల్ రోగిని నటన అనుకోకుండా వెంటనే నొప్పి తగ్గించాలి. సెలైన్ అవసరమా కాదా చూడాలి. జ్వరం వుంటే ఆలస్యం చేయకూడదు. ఆ పిల్లల ప్లీహం చిన్నతనంలోనే పాడైపోతుంది కనుక మామూలు జ్వరం కూడా గంటల్లో ప్రాణం తీయగలదు. రొమ్ము నొప్పి, ఆయాసం, మూతి వంకర, కడుపు ఒక్కసారిగా ఉబ్బడం, ఉన్నట్టుండి బాగా పాలిపోవడం - వీటిలో ఏది కనిపించినా 108 పిలవాలి.

రక్తం గురించిన చదువు సికిల్ సెల్‌కే పరిమితం కాదు. రక్తపింజరి కాటు వేస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. కాస్త రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా వుంచి, వంచి చూస్తే విషం ఎక్కిందీ లేనిదీ తెలుస్తుంది. దానికి లక్షల యంత్రం అక్కరలేదు. డెంగ్యూ జ్వరంలో ప్లేట్‌లెట్ల సంఖ్య కొంచెం తగ్గగానే ఇల్లు వాకిలి తాకట్టు పెట్టి పట్నం పరుగెత్తనక్కరలేదని, రక్తస్రావం, రక్తపోటు ఎలా వున్నాయో చూడాలని చెప్పగల డాక్టరు వుంటే ఎన్నో కుటుంబాలు అప్పుల పాలు కాకుండా మిగులుతాయి. డి.ఎం. విద్యార్థి కొండ మీద వుండే మూడు నెలల్లో వారానికి ఒక పి.హెచ్.సి.కి వెళ్లి ఈ సంగతులు నేర్పడం అతని శిక్షణలో భాగం కావాలి. నేర్పితే గాని తానెంత నేర్చాడో ఎవరికీ తెలియదు.

తెలుగువాడి చేతి చలవ

రక్త వైద్యం చరిత్ర చూస్తే అది పెరిగిందే జనం మధ్యకు వెళ్లిన వారి వల్ల. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, మిల్లు కూలి ఇళ్లలోని గర్భవతులకు రక్తం ఎందుకు చాలడం లేదో శోధించారు. ఈస్టు సారం ఇస్తే వారిలో రక్తం పట్టడం చూసి 1931లో ఆ సంగతి ప్రకటించారు. అందులోని ఆ గుణాన్నే తర్వాత ఫోలిక్ యాసిడ్ అన్నారు.

ఆ ఫోలిక్ యాసిడ్‌ను అమెరికాలోని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివిన ఆయనకు ఎం.బి.బి.ఎస్. ఇవ్వక, అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు. ఆయన 1930లో హార్వర్డ్‌లో పిహెచ్.డి. పొందారు. ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌నే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, వారిలో జబ్బు తాత్కాలికంగానైనా తగ్గడాన్ని 1948లో లోకానికి చూపారు. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. సికిల్ సెల్ పిల్లవాడికి డాక్టర్లు రోజూ రాసే చిన్న పసుపు మాత్ర ఫోలిక్ యాసిడే. ఒక తెలుగువాడి చేతి చలవ లోకమంతా పంచుకుంటూ వుంటే, తెలుగు గడ్డ మీది కొండ బిడ్డ ఆ మాత్ర ఎందుకు వేసుకోవాలో చెప్పే మనిషి కోసం ఘాట్ దిగవలసి రావడం విచారకరం.

ప్రజలూ చేయవలసింది వుంది

అంతా ప్రభుత్వం మీదే వేస్తే సరిపోదు. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ సికిల్ లక్షణం సగం సగం వుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు పూర్తి జబ్బు వచ్చే అవకాశం నూటికి 25 వంతులు. మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదనుకోవడం పొరపాటు. మేనరికాలు చేసుకునే ఇళ్లలో ఒకే లక్షణం రెండు వైపులా వుండే అవకాశం ఎక్కువ. దిసారి ముహూర్తం పెట్టక ముందే వధూవరుల రక్త పరీక్ష కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకోవడం అలవాటు కావాలి. జాతకాలు చూసినంత శ్రద్ధగా ఈ కార్డు చూస్తే ఒక తరం నొప్పి తప్పుతుంది. ఒకరికే లక్షణం వుంటే పెళ్లి మానుకోనక్కరలేదు. ఆ సంగతీ అందరికీ తెలియాలి.

గ్రామసభలు జరిగినప్పుడు రోడ్డు, మంచినీళ్లతోపాటు ఈ మాట కూడా తీర్మానంలో రాయించాలి: వైద్య కళాశాలలో రక్త పరీక్ష యంత్రాలు, ఒక రక్త నిపుణుడి పోస్టు, డి.ఎం. విద్యార్థుల వంతు. ఆశా కార్యకర్త కార్డు తెచ్చిచ్చినప్పుడు అందులో ‘వాహకుడు’ అని రాశారా, ‘రోగి’ అని రాశారా అడిగి తెలుసుకోవాలి. హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ మాత్రలు పి.హెచ్.సి.లో అయిపోతే ఊరుకోకుండా అడగాలి.

నిర్మూలనకు ప్రభుత్వం పెట్టుకున్న గడువు 2047. ఈ ఏడాది ఇంటర్ పాసై మెడిసిన్‌లో చేరిన మన్యం కుర్రవాడు ఏ ఆటంకమూ లేకుండా చదివినా రక్త నిపుణుడై రావడానికి పదకొండున్నర ఏళ్లు పడుతుంది. అంటే గడువులో సగం కాలం ఒక్క డాక్టరు తయారు కావడానికే సరిపోతుంది. అంతదాకా చలి ఆగదు, పిల్లల నొప్పి ఆగదు. అప్పటి డాక్టరు కోసం ఇప్పుడే విత్తనం వేయాలి. ఇప్పటి పిల్లల కోసం, నేడు నగరాల్లో డి.ఎం. చదువుతున్న డాక్టర్లను మూడు నెలలకు ఒకరి చొప్పున ఘాట్ ఎక్కించాలి. వైద్య విద్య నిబంధనలు రాసే పెద్దలు, రాష్ట్ర ఆరోగ్య శాఖ అధికారులు ఈ విషయాన్ని వచ్చే చలికాలం లోపుగా పరిశీలించి నిర్ణయం తీసుకోవలసిన అవసరం ఎంతైనా వుంది.